చుట్టపుచూపుగా వెళ్తే ఏం తెలుస్తుంది?

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒక అమ్మాయి ‘పీహెచ్‌డీ అంటే ప్రశ్నావళి పంచి లెక్కలు కట్టడమేనా?’ అని అడిగింది. అదొక్కటే కాదని, మనుషుల మధ్య కూర్చుని, మాట్లాడి, చూసి, రాసుకుని చేసే పరిశోధన కూడా ఉందని, దాన్ని గుణాత్మక పరిశోధన అంటారని నాలుగు ముక్కల్లో జవాబిచ్చాను. ఆ నాలుగు ముక్కలు ఏ మూలకూ చాలలేదని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఇరవై తొమ్మిదేళ్లు ఈ పాఠమే చెప్పి రిటైరైన దాన్ని కనుక నా నోరూ ఊరుకోదు. ఈ నెల శీర్షిక మొత్తం వాటికే. హాస్టల్ సీట్ల గురించి, సర్టిఫికెట్లలో తప్పుల గురించి అడిగినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నేను కామర్స్‌లో పీజీ చేసి ఇప్పుడు సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీలో చేరాను. ఇళ్లలో పనిచేసే మహిళల మీద నా పరిశోధన. 25 మందితో వివరంగా మాట్లాడతానని సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) రాశాను. అడ్వైజరీ కమిటీలో ఒక పెద్దాయన ‘25 మందితో పీహెచ్‌డీ ఏమిటమ్మా, కనీసం 300 ఉండాలి’ అన్నారు. ఆయనకు ఏమని జవాబు చెప్పాలి?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు కాసేపు నేనూ ఆ పెద్దాయన పక్కనే కూర్చుంటాను. 25 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? సీనియర్ థీసిస్‌లో ఉంది కనుక మీరూ రాశారా? అలాగైతే ఆయన 300కూ మీ 25కూ తేడా లేదు. రెండూ గాలిలోంచి తీసినవే.

ఇళ్లలో పనిచేసేవారిలో ఎంతమందికి వారానికి ఒక రోజు సెలవు దొరుకుతోందన్నది మీ ప్రశ్న అనుకుందాం. దానికి 25 మంది బొత్తిగా చాలరు. 300 మందిని కూడా మీకు తెలిసిన నాలుగు అపార్ట్‌మెంట్లలోంచి ఏరితే చాలరు. అదే, సెలవు ఎవరిని అడుగుతారు, అమ్మగారినా అయ్యగారినా, చెప్పకుండా మానేసిన మర్నాడు గుమ్మంలో ఏ మాట వినపడుతుంది, ‘ఊళ్లో చావు’ అన్న సాకు ఏడాదికి ఎన్నిసార్లు చెల్లుతుంది అన్నవి మీ ప్రశ్నలైతే, 300 మంది చేత టిక్కులు పెట్టించినా ఒక్కటీ తేలదు. సినాప్సిస్ మొదటి పేరాలో మీ ప్రశ్న ఏమిటో తేల్చి రాయండి. అంకె మీద తగవు సగం అక్కడే తీరిపోతుంది.

మిగతా సగానికి మన విద్యార్థులందరూ తాయెత్తులా కట్టుకుని తిరిగే వ్యాసం ఒకటి ఉంది. గెస్ట్, బన్స్, జాన్సన్ అనే ముగ్గురు 2006లో ప్రచురించారు. ఘనా, నైజీరియా దేశాల్లో 60 మంది మహిళలతో జరిపిన ఇంటర్వ్యూలను వరుసగా విశ్లేషిస్తూ, కొత్త సంగతులు రావడం ఎక్కడ తగ్గిపోతోందో చూశారు. మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే చాలావరకు వచ్చేశాయి. దాంతో ‘పన్నెండు చాలు’ అన్నది మంత్రమైపోయింది. తాయెత్తు లోపల ఏముందో విప్పి చూసేవారు తక్కువ. అక్కడ మాట్లాడిన మహిళలు ఇంచుమించు ఒకే తరహావారు, అందరినీ అడిగినవి దాదాపు ఒకే ప్రశ్నలు. అటువంటి చోట పన్నెండు అన్నారు.

మీ సంగతి అలా కాదు. పొద్దున్నే అయిదారు ఇళ్లలో అంట్లు తోమి మధ్యాహ్నానికి ఇల్లు చేరే ఆమె వేరు, ఒకే ఇంట్లో ఉండిపోయి పసిపిల్లను సాకే ఆమె వేరు. పల్లె నుంచి మొన్ననే వచ్చిన మనిషి వేరు, తల్లి చేసిన ఇళ్లలోనే కూతురుగా పనికి కుదిరిన మనిషి వేరు. ఈ తరహాలన్నీ ముందు కాగితం మీద పెట్టుకోండి. పని మానేసినవారిని మాత్రం మరవకండి. పనిలో ఉన్నవారు నాలుక చివరి దాకా తెచ్చుకుని మింగేసే మాటలు వీళ్లు చెబుతారు, వీళ్లకు పోయేదేమీ లేదు కనుక.

ఇక సినాప్సిస్‌లో 25 కొట్టేసి ఇలా రాయండి: పన్నెండు మందితో మొదలుపెడతాను, ప్రతి నాలుగు ఇంటర్వ్యూలకూ ఆగి విశ్లేషిస్తాను, ఏ ఇంటర్వ్యూలో కొత్తగా ఏం తెలిసిందో పట్టిక వేస్తాను, ఒక తరహావారిలో కొత్తది రావడం ఆగితే ఇంకో తరహాకు వెళ్తాను, మొత్తం 20 నుంచి 35 మధ్య ఉంటుందని అంచనా. సమాచారం అంతా పోగుచేసుకుని చివర్లో విశ్లేషణకు కూర్చోకూడదని, రెండూ జోడెద్దుల్లా నడవాలని 1967లోనే గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు గట్టిగా వాదించారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌కు ఒకసారి కమిటీ ముందు ఎలాగూ నిలబడాలి. ఆ పట్టిక పట్టుకుని నిలబడండి. పెద్దాయనకు కావలసింది ఒక అంకె. మీ అంకె ఎలా పుట్టిందో చూపిస్తే ఆయన కాదనరు. కాదంటే, అది అంకె గొడవ కాదు, ఇంకేదో. దానికి నా దగ్గర మందు లేదు.

ప్రశ్న: పొందూరు ఖాదీ మీద పరిశోధన చేస్తున్నాను. గంటసేపు మాట్లాడిద్దామని వెళ్తే ఇంటర్వ్యూ 18 నిమిషాల్లో అయిపోయింది. ‘అవునండి’, ‘లేదండి’, ‘అంతేనండి’ తప్ప మాట పెగలలేదు. ఆరుగురితోనూ ఇదే తంతు. నాకు మాట్లాడించడం చేతకాదేమో. గైడ్‌కు చెప్పాలంటే సిగ్గుగా ఉంది.
– పరిశోధకుడు, శ్రీకాకుళం

జవాబు: మీది 18 నిమిషాలు నడిచింది, అదృష్టవంతులు. నా మొదటి ఇంటర్వ్యూ 11 నిమిషాలు.

1986లో సంక్రాంతి వెళ్లాక, పోచంపల్లి చుట్టుపక్కల ఒక చేనేత ఊరికి వెళ్లాను. భుజాన సంచి, సంచిలో సైక్లోస్టైల్ తీయించిన ప్రశ్నావళి, అందులో 140 ప్రశ్నలు. వాటిని తయారు చేయడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఊరి మొహం ఒక్కసారీ చూడలేదు. పదిహేడో ప్రశ్న ‘మీ వృత్తి ఏమిటి?’ నా ఎదురుగా కూర్చున్నావిడ, ‘నాకేం పనమ్మా, ఇంట్లోనే ఉంటాను’ అంది. నేను శ్రద్ధగా ‘గృహిణి’ అని రాసుకున్నాను.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఆసు పోస్తోంది.

ఆసు చూడనివారి కోసం చెబుతాను. అదొక చెక్క చట్రం. ఒక వైపు ఒంటి పుల్ల, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా పుల్లలు. కుడిచేతి వేళ్ల మధ్య నూలు. ఒంటి పుల్ల చుట్టూ తిప్పి, చెయ్యి చాచి, ఎదుటి పుల్ల చుట్టూ తిప్పి, మళ్లీ వెనక్కి. తర్వాతి పుల్ల, మళ్లీ వెనక్కి. ఇక్కత్ చీరకు నూలు మీద రంగు ఎక్కించే ముందు దాన్ని ఇలా అమర్చుకోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అలా ఊగాలని లెక్క. ఆ చెయ్యి నా కళ్లెదుట గడియారం లోలకంలా ఊగుతోంది, నా పెన్ను ‘గృహిణి’ అని రాస్తోంది. మూడు వారాల్లో అలా 61 మందిని గృహిణులను చేశాను.

కళ్లు తెరుచుకోవడంలో నా తెలివి ఏమీ లేదు. ఒక సాయంత్రం ప్రశ్నావళి పూర్తిచేసి, పెన్నుకు మూత పెట్టి, సంచి సర్దుకుంటున్నాను. ఆ ఇంటావిడ ఇసుక మూటతో భుజానికి కాపడం పెట్టుకుంటోంది. ‘భుజానికేమైందమ్మా?’ అని ఊరికే, మనిషన్న వాళ్లెవరైనా అడిగినట్టు అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడింది. ఆసు ముందు మొదటిసారి కూర్చోబెట్టింది ఎవరో, ఏ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి నిద్ర పడుతుందో, షావుకారు చీరకు ఇచ్చే కూలి మగ్గం మీద కూర్చున్నవాడి చేతికే ఎందుకు వెళ్తుందో చెప్పింది. ‘పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా అత్త నా మొహం చూడలేదు, చెయ్యి చూసింది’ అంది.

నా 140 ప్రశ్నల్లో ‘చెయ్యి’ అన్న మాటే లేదు.

బస చేసిన ఇంటి అరుగు మీద లాంతరు పెట్టుకుని ఆ రాత్రి గుర్తున్నదంతా రాశాను. పద్నాలుగు పేజీలైంది. మర్నాటి నుంచి ప్రశ్నావళి సంచిలోంచి బయటికి రాలేదు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునే దాకా ఏమేం చేశారో చెప్పండి’ అని మొదలుపెట్టేదాన్ని. 61 మంది గృహిణుల గడపలూ మళ్లీ తొక్కాను. అలాగని ఆ పాత కాగితాలను పారేయలేదు. ‘నాకేం పని’ అన్నావిడ అబద్ధం చెప్పలేదు కదా. కూలి వచ్చేదే పని అని ఆ ఇంట్లో లెక్క, ఊళ్లో లెక్క, నా ప్రశ్నావళిలోనూ అదే లెక్క. ఆ లెక్క ఎలా కుదిరిందన్నదే చివరికి నా థీసిస్‌లో మూడో అధ్యాయమైంది.

చాలా ఏళ్ల తర్వాత, ఆలేరు వైపు ఊరి మనిషి చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు పోసే యంత్రం తయారు చేశారని చదివాను. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంట్లో ఉండి ఆయన చూసినదాన్ని, ఎం.ఏ. గోల్డ్ మెడల్ పెట్టుకుని మూడు వారాలు తిరిగిన నేను చూడలేదు. ఇప్పటికీ తలచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

మీ సంగతికి వస్తాను. మీ 18 నిమిషాల రికార్డింగును కాగితం మీదికి ఎక్కించి, మీరు మాట్లాడిన మాటలెన్నో వాళ్లు మాట్లాడినవెన్నో లెక్కపెట్టండి. మీవే ఎక్కువ ఉంటాయి, పందెం. ‘మీకు మార్కెట్ సమస్యలు ఉన్నాయా?’ అని అడిగితే ఎవరైనా ‘ఉన్నాయండి’ అనక ఏమంటారు? జవాబు మీరే ఇచ్చి తలూపమంటున్నారు. ఆ తర్వాత నిశ్శబ్దం. పల్లెటూరి మనిషి జవాబు చెప్పే ముందు గుక్క తిప్పుకుంటాడు, ఆవలి గోడ వైపు చూస్తాడు. ఆ సందులో మీరు తర్వాతి ప్రశ్న దూర్చేస్తారు. మనసులో పది లెక్కపెట్టండి. నేను తొడ గిల్లుకునేదాన్ని.

పొందూరులో మీకు నాకు లేని సౌకర్యం ఒకటి ఉంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడను మీ చేతికివ్వమని అడిగి, పత్తి దువ్వడానికి మీరే కూర్చోండి. మీరు తప్పుగా పట్టుకుంటారు, అది ఖాయం. ఎలా పట్టుకోవాలో చెప్పడం మొదలుపెడితే, దవడ ఎక్కడి నుంచి తెప్పిస్తారో, ఎన్నాళ్లు పనికొస్తుందో, ఇప్పటి కోడళ్లు దాన్ని ముట్టుకుంటారో లేదో అన్నీ వాటంతట అవే వస్తాయి. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి వెళ్లినప్పుడు మీరు చుట్టం. చుట్టానికి కాఫీ ఇస్తారు, మంచి మాటలు చెబుతారు, ఇంట్లో గొడవలు చెప్పరు.

గైడ్ దగ్గర సిగ్గు దేనికి? ఆ ఆరు ఇంటర్వ్యూల కాగితాలూ పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి, ‘ఎక్కడ చెడగొట్టానో చూపించండి’ అనండి. నా దగ్గర చదివినవారిలో అలా అడిగినవారే తొందరగా పూర్తిచేశారు.

ప్రశ్న: ఊళ్లో అడుగుపెట్టగానే ‘మీదే ఊరు? ఇంటిపేరు ఏమిటి?’ అని అడుగుతున్నారు. కులం తెలుసుకోవడానికే అని తెలుస్తూనే ఉంది. చెప్పాలా, దాటవేయాలా? పరిశోధకుడు తటస్థంగా ఉండాలంటారు కదా?
– పరిశోధక విద్యార్థి, అనంతపురం

జవాబు: మీరు ఇంటర్వ్యూ చేయడానికి వెళ్లారు, వాళ్లు ముందు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తున్నారు. అందులో అన్యాయమేమీ లేదు. నన్ను ఊరు, ఇంటిపేరు, పెళ్లి, నాన్న జీతం, ఈ క్రమంలో అడిగేవారు. 27 ఏళ్లకు పెళ్లి కాలేదంటే ముసలమ్మలు జాలిపడి రెండు సంగతులు ఎక్కువ చెప్పేవారు. అబద్ధం చెప్పకండి. ఊరు చిన్నది, మూడో రోజుకు తెలిసిపోతుంది. మీ ఇంటిపేరు చెప్పాక ఏ వాకిలి తెరుచుకుంది, ఏ వాకిలి దగ్గర కుర్చీ వెయ్యలేదు, ఎక్కడ మంచినీళ్లు ఇవ్వడానికి తటపటాయించారు, అవన్నీ తేదీ వేసి రాసుకోండి. అది కూడా సమాచారమే, ఒక్కోసారి అదే అసలు సమాచారం.

పేరున్న సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ అంతటి మనిషికీ ఇది తప్పలేదు. 1948లో మైసూరు ప్రాంతంలో ఒక పల్లెలో ఉండి పనిచేశారు, ‘రాంపుర’ అన్న మారుపేరుతో రాశారు. ఊరి పెద్ద ఆదరణలో బస. బ్రాహ్మణుడు కనుక ఆయన ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో తిరగాలో ఊరే నిర్ణయించింది. పై కులాలవారితో తిరిగినంతగా అట్టడుగువారితో తిరగలేకపోయానని తర్వాత ఆయనే రాసుకున్నారు. అందుకే చెబుతున్నాను, సర్పంచి ఇల్లు పెద్దదని, ఫ్యాను ఉందని అక్కడ దిగకండి. దిగితే ఊరంతా మీకు ఆ అరుగు ఎత్తు నుంచే కనిపిస్తుంది.

నేను నోటుపుస్తకంలో కుడి పేజీలో జరిగింది, ఎడమ పేజీలో నాకు అనిపించింది రాసేదాన్ని. కోపం, అసూయ, ఆకలి, ఫలానా ఆయనంటే చిరాకు, అన్నీ. థీసిస్ మొదట్లో ‘నేను ఫలానా కులం, ఫలానా వర్గం’ అని ఒక పేరా రాసి చేతులు దులుపుకునే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది. ఆ పేరా వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఎడమ పేజీల్లోంచి నాలుగు సంఘటనలు తీసి రాస్తే తెలుస్తుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూలు తెలుగులో, థీసిస్ ఇంగ్లిష్‌లో. అనువాదం చేసేసరికి మేస్త్రీ, కూలీ, కాంట్రాక్టరు అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు. ఎలా?
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రికార్డింగు వింటూ నేరుగా ఇంగ్లిష్‌లో టైపు చేస్తున్నారు, అవునా? టైము కలిసొస్తుందని అందరూ చేసే పనే. మానేయండి. ముందు తెలుగులో, వాళ్ల యాస వాళ్లకే ఉంచి, దగ్గు, నవ్వు, మధ్యలో ఆగిన చోటు కూడా గుర్తు పెట్టి రాయండి. గంట రికార్డింగుకు నాకు ఏడెనిమిది గంటలు పట్టేది. విసుగు పుడుతుంది. ఆ విసుగులోనే, అక్కడ కూర్చున్నప్పుడు వినపడని మాటలు వినపడతాయి. విశ్లేషణ కూడా తెలుగు కాగితాల మీదే చేసి, థీసిస్‌లోకి ఎక్కే భాగాలు మాత్రమే అనువదించండి.

నా విద్యార్థి ఒకతను అప్పుల మీద పనిచేశాడు. అవసరానికి చేబదులు ఎవరిస్తారని అడిగితే చాలామంది ‘మాకు కావలసినవాళ్లు’ అన్నారట. అతను దానికి ‘అవసరమైన వ్యక్తులు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట పెట్టుకుని, పల్లెల్లో సంబంధాలన్నీ అవసరం చుట్టూ తిరుగుతాయని 22 పేజీల అధ్యాయం రాసుకొచ్చాడు. ‘కావలసినవాళ్లు’ అంటే అయినవాళ్లు, దగ్గరివాళ్లు అని ఇంట్లో వాళ్ల నాయనమ్మను అడిగినా చెప్పేది. మూడేళ్లు తెలుగులోనే విన్నవాడు ఇంగ్లిష్‌లో రాసేటప్పటికి తెలుగు మరిచిపోయాడు. మొహమాటం, పరువు, దిష్టి, చేతిలో డబ్బు ఆడకపోవడం, ఇటువంటివాటిని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట రెండు వాక్యాల్లో విడమరిచి చెప్పండి. ఇంగ్లిష్ పరీక్షకుడు చచ్చినట్టు నేర్చుకుంటాడు.

ప్రశ్న: అంగీకార పత్రం మీద సంతకం అడిగితే కూలీలు భయపడుతున్నారు. ఏం చేయాలి?
– పరిశోధకుడు, కర్నూలు

జవాబు: భయపడరా మరి? వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. నోటిమాటగా అంగీకారం తీసుకుని రికార్డు చేయవచ్చా అని మీ ఎథిక్స్ కమిటీని ఇప్పుడే, ఈ కారణం రాసి, అడగండి. కాగితం చదివి వినిపించడం వేరు, ‘ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, నాకు కోపం రాదు’ అని చెప్పడం వేరు. రెండోది చెప్పండి. మేస్త్రీ ఎదుట మాత్రం అడగకండి. మేస్త్రీ ఎదుట కూలీ చెప్పే ‘సరే’కు విలువ లేదు.

ప్రశ్న: కోడింగ్‌కు ఎన్‌వివో కొనాలా, అట్లాస్ కొనాలా?
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఇంటర్వ్యూల్లోని మాటలకు పేర్లు పెట్టి విడదీసుకోవడాన్ని మేం కోడింగ్ అంటాం, ఎన్‌వివో, అట్లాస్ దానికి వాడే సాఫ్ట్‌వేర్లు. యూనివర్సిటీ ఇస్తే ఏదైనా వాడండి, అప్పు చేసి కొనకండి. అవి కాగితాలు సర్దిపెట్టే బీరువాలు, చదివేది మీరే. నేను పెళ్లి శుభలేఖల వెనక వైపు రాసి, దారం కట్టి, మంచం మీద పరిచేదాన్ని. పిల్లి వచ్చి పడుకుంటే ఆ రోజు విశ్లేషణకు సెలవు. కానీ నకళ్లు మూడు చోట్ల దాచండి. పైన చెప్పిన శ్రీనివాస్ ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ ఒకే గదిలో పెట్టుకుని స్టాన్‌ఫర్డ్‌లో రాసుకుంటుండగా, 1970 ఏప్రిల్ 24న ఎవరో ఆ భవనానికి నిప్పు పెట్టారు. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు. మనకు అంత జ్ఞాపకశక్తి లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీలో చేరి నాలుగేళ్లయింది. ల్యాబు లేదు, పరీక్ష లేదు. వారానికి మూడు రోజులు బస్టాండు దగ్గర ఆటోడ్రైవర్లతో కూర్చుని టీ తాగుతుందట, అదే పరిశోధన అంటోంది. సంబంధాలు వస్తున్నాయి. ఎప్పుడు అయిపోతుందంటే చెప్పదు. మీరైనా చెప్పండి, ఇది నిజంగా చదువేనా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: చదువేనమ్మా. 1930ల చివర్లో వైట్ అనే అమెరికన్ కుర్రవాడు బోస్టన్‌లో ఇటలీ నుంచి వచ్చినవారు ఉండే పేటలో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, వీధి మూల నిలబడే నిరుద్యోగ యువకులతో ఏళ్ల తరబడి తిరిగాడు. ఒకసారి తొందరపడి ఏదో అడగబోతే, ప్రశ్నలు ఆపి ఊరికే మాతో ఉండు, జవాబులు అవే తెలుస్తాయని ఆ గుంపు నాయకుడే చెప్పాడు. ఆ తిరుగుడు మీదే అతనికి షికాగోలో డాక్టరేట్ వచ్చింది. ఇప్పటికీ పిల్లలకు పాఠంగా చెబుతాం.

ఇక గడువు. ఇప్పటి యూజీసీ నిబంధనల్లో కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు, ఆడపిల్లలకు ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. నాలుగేళ్లంటే ఆలస్యమేమీ కాదు. పెళ్లయితే చదువు అటకెక్కాలనీ లేదు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అయినా సంబంధాల సంగతి మీరూ మీ అమ్మాయీ చూసుకోండి, నేను అందులో తలదూర్చను.

ఒక్క పని చేయండి. ఎప్పుడు అయిపోతుందని అడగడం మాని, ఈ వారం రాసుకున్న నోట్సులోంచి ఒక పేజీ చదివి వినిపించమనండి. మా అమ్మకు చదువు రాదు. నేను ఆ చేనేత ఊరి నుంచి శనివారం ఇంటికి వచ్చినప్పుడు బియ్యం ఏరుకుంటూ, ‘ఏం రాశావో చదువు’ అనేది. ఆసు గురించి రాసింది చదివాను. పుల్లలెన్నో, చెయ్యి ఎటు నుంచి ఎటు వెళ్తుందో, మూడు పేజీలు. అంతా విని, ‘కుడిచెయ్యి సరే, ఎడమచెయ్యి ఏం చేస్తోంది?’ అంది.

నా నోట్సులో ఎడమచెయ్యి లేదు. సోమవారం మొదటి బస్సుకు వెళ్లి చూశాను. ఎడమచేత్తో ఉయ్యాల తాడు లాగుతోంది.